జనవరి ఒకటికి ఎన్నేళ్ళు

ఆయనకి ఈ జనవరి ఒకటో తారీఖుకి డెబ్భై మూడేళ్ళు. గోడ మీద అలా ఉంది. ఆయన పోయి ఏడు నెలలయింది.

నేను పనిచేసే శాఖా గ్రంథాలయం పంచాయతీ ఆఫీసుకి ఆనుకుని ఉన్న ఒక్క గది. ఓటర్ల జాబితా ముసాయిదా వచ్చిందంటే ఒక ప్రతి బళ్ళోనూ, ఒక ప్రతి మా వరండా గోడకీ అంటిస్తారు. మొన్న సోమవారం నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి కాగితాల అంచుల్లో మైదా జిగురు ఇంకా తడిగానే ఉంది. అచ్చులో ఉన్నది ఏదైనా చదవడం నాకలవాటు కాబట్టి, తాళంచెవి చేత్తో పట్టుకునే చదివాను. నాలుగో కాగితంలో, కింది నుంచి ఆరో వరసలో ఆయన పేరుంది. తండ్రి పేరు, పురుషుడు, డెబ్భై మూడు. కిందటేడు డెబ్భై రెండు ఉండేది. మనిషి లేకపోయినా వయసు పెరిగింది.

ఆయనైతే నాలాగ చూపుడువేలు పెట్టి చదివేవారు కారు. ముందు సంచీలోంచి దువ్వెన తీసేవారు.

ఆ దువ్వెనతో ఆయన తల దువ్వుకోగా నేనెప్పుడూ చూడలేదు. దువ్వుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు కూడా. జాబితాలో ఒక వరస కింద దువ్వెన వీపు ఆనించి, చదివి, ఒక్క వరస కిందికి జరిపేవారు. అలా జరుపుతూ పోయి ఒకచోట ఆగేవారు. చెవి మీది పెన్సిలు తీసి ఆ పేరు పక్కన చిన్న చుక్క పెట్టేవారు. మళ్ళీ జరిపేవారు.

ఆయన పెళ్ళి సంబంధాలు చూసేవారు. ఎదురుగా ఉన్నప్పుడు మావాళ్ళు మధ్యవర్తిగారు అనేవారు. పాలకొల్లు నుంచి అటు అత్తిలి దాకా, ఇటు నరసాపురం దాకా ఆయన గొడుగు తెలియని వీధి ఉండేది కాదు. బస్సెక్కి వచ్చి, దిగి నడిచేవారు. సైకిలు ఎందుకు తొక్కరని మా నాన్న ఒకసారి అడిగితే, "సైకిలు మీద పోతే అరుగుల మీదవాళ్ళు పలకరించరండి" అన్నారు. భుజానికి గోధుమరంగు రెక్సిను సంచీ ఉండేది. మిగతా మధ్యవర్తుల సంచుల్లో జాతకాలు, ఫొటోలు ఉంటాయి. ఈయన సంచీలో ఓటర్ల జాబితాలు ఉండేవి. ఎన్నికలు అయిపోగానే పార్టీల ఏజెంట్ల ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళు పారేయబోతున్న ప్రతులు అడిగి తెచ్చుకునేవారు. ఊరికొక కట్ట, పురికొసతో కట్టి.

ఆ జాబితాలో ఆయనకి కావలసినవి మూడు గళ్ళు. ఆడా మగా అన్నది ఒకటి. పక్కన ఉన్నది తండ్రి పేరా, భర్త పేరా అన్నది ఇంకొకటి; తండ్రి అయితే ‘త’ అనీ, భర్త అయితే ‘భ’ అనీ వేస్తారు. మూడోది వయసు. స్త్రీ, ‘త’, ఇరవై అని ఉన్నచోట దువ్వెన ఆగేది. అంటే ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉందన్నమాట. తల్లీ తండ్రీ చెప్పకముందే ప్రభుత్వంవారు ఆయనకి అచ్చువేసి చెప్పేవారు.

అందుకని ఆ నిబంధనలు మండలాఫీసు గుమాస్తాల కంటే ఆయనకే బాగా వచ్చు. ఏ ఏడాది జాబితాకైనా ఆ ఏడాది జనవరి ఒకటికి పద్దెనిమిది నిండాలి. జనవరి మూడున పుట్టినవాళ్ళు ఇంకో ఏడాది ఆగాలి. ఓటు ఒక్కచోటే ఉండాలి. అది పొలం ఉన్నచోటు కాదు, రేషను కార్డు ఉన్నచోటు కాదు, మామూలుగా కాపురం ఉండే చోటు. చేర్చడానికి ఆరో నంబరు ఫారం, తీసేయడానికి ఏడు, తప్పు దిద్దడానికి ఎనిమిది. ఇవన్నీ మాటల మధ్యలో, వంకాయలు లేతగా ఉన్నాయని చెప్పినంత మామూలుగా చెప్పేవారు. ఎవరి వయసైనా జనవరి ఒకటికే లెక్క కట్టేవారు. ఎవరింట్లోనో బారసాలకి వెళ్ళి, ఉయ్యాల్లో పిల్లని చూసి, పుట్టింది జనవరి మూడని విని, "రెండ్రోజులు ముందు పుట్టుంటే ఏడాది కలిసొచ్చేదండి" అని బాధపడ్డారట.

మగపెళ్ళివారు పిల్ల వయసు అడిగితే ఆయన తన మాటగా ఏదీ చెప్పేవారు కాదు. జాబితాలో ఉంటే "గోడ మీద ఇంత ఉందండి" అనేవారు. లేకపోతే "గోడ మీద లేదండి, వాళ్ళమ్మగారు ఇంత అంటున్నారు" అనేవారు. ఆ రెండో మాట విలువెంతో అందరికీ తెలుసు.

ఆయన కుదిర్చిన పెళ్ళి అయిన నెలలోపు రెండు ఫారాలు పట్టుకుని మళ్ళీ వచ్చేవారు. పుట్టింటి జాబితాలో పిల్ల పేరు తీసేయడానికి ఒకటి, అత్తారింటి జాబితాలో చేర్చడానికి ఒకటి. అప్పగింతలు దాంతో పూర్తవుతాయనేవారు. పోయినవాళ్ళ విషయంలోనూ అంతే. తెలిసిన ఇంట్లో ఎవరైనా పోతే పన్నెండో రోజు భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుని తుడుచుకున్నాక ఏడో నంబరు ఫారం తీసి కొడుకు చేత సంతకం పెట్టించేవారు. "అస్థికలు కలపడానికి కొవ్వూరు దాకా వెళ్తారు, దీనికి బడి దాకా వెళ్ళరండి. ఉంచేస్తే ఆ పేరు మీద ఎవడో వచ్చి వేలు చాపుతాడు" అనేవారు. కొంతమందికి కోపం వచ్చేది. సంతకం మాత్రం పెట్టేవారు.

మా ఊరి తల్లులు ఆ దువ్వెనకి ఒక విరుగుడు కనిపెట్టారు. ఆడపిల్లల పేర్లు రాయించడం మానేశారు. జాబితా రాసుకోవడానికి పంతుళ్ళు ఇంటింటికీ వచ్చినప్పుడు ‘మా అమ్మాయికి ఇంకా పద్దెనిమిది రాలేదండి’ అనేవారు. మరీ పెద్దపిల్ల ఎదురుగా కనిపిస్తుంటే ‘ఈ ఏడు పెళ్ళి చేసేస్తాం, అత్తారింట్లో రాయిస్తారు లెండి’ అనేవారు. మా వీధి జాబితా చదివితే మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ పెళ్ళయ్యే పుట్టారేమో అనిపిస్తుంది.

ఆయన మా ఇంటికి వచ్చేనాటికి నాకు నాలుగు వయసులు. అసలుది ఇరవై ఒకటి. బళ్ళో వేసేటప్పుడు ఐదు నిండాలన్నారని మా తాతగారు ఒక ఏడాది ఎక్కువ చెప్పారు కాబట్టి పదో తరగతి సర్టిఫికెట్టు ప్రకారం ఇరవై రెండు. సంబంధాలవాళ్ళకి అమ్మ చెప్పేది పంతొమ్మిది; అప్పటికి రెండేళ్ళుగా పంతొమ్మిదే. జాబితా రాసుకునే పంతుళ్ళకి పదిహేడు. ఏ వయసు చెప్తోందో విని, వచ్చింది ఎవరో లోపలి గదిలోంచే కనుక్కునేదాన్ని. బయటికి వచ్చేదాన్ని కాదు. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదు, ఇప్పటికీ అంతంతమాత్రమే. ఇంట్లో ఉండి డిగ్రీ ప్రైవేటుగా చదువుతూ, గ్రంథాలయం పుస్తకాలు తెచ్చుకుంటూ, డైరీ రాసుకుంటూ ఉండేదాన్ని.

తమ్ముడి సంగతి వేరు. అంతకు ముందు ఏడు వాడికి పద్దెనిమిది నిండగానే, వీధిలో పోతున్న పంతులుగారిని అమ్మే కేకేసి పిలిచి వాడి పేరు రాయించింది. ఫొటో కార్డు కూడా వచ్చింది. వాడు దాన్ని చొక్కా జేబులో బయటికి కనిపించేలా పెట్టుకుని భీమవరం కాలేజీకి వెళ్ళేవాడు. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: ‘నా కంటే రెండేళ్ళు చిన్నవాడు ఇవాళ నా కంటే పెద్దవాడయ్యాడు.’ నాకేదో పార్టీ మీద అభిప్రాయం ఉండి కాదు. నా పేరు, నా వయసు దాచకుండా ఒక్కచోట రాసి ఉండాలని ఉండేది. ఆ మాట పైకి అనడం నాకు చేతకాలేదు.

మధ్యవర్తిగారు వచ్చిన రోజు అమ్మ వీధిగదిలో కుర్చీ వేసింది. ఆయన అంచు మీద కూర్చుని గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. నేను లోపలి గుమ్మం పక్కన నిలబడ్డాను.

"ఒక్కతే ఆడపిల్లండి అన్నయ్యగారు. పంతొమ్మిది" అంది అమ్మ.

ఆయన ఒక కట్ట తీసి, పురికొస విప్పి, దువ్వెన ఆనించారు. దువ్వెన కాగితం మీద జరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఆగింది.

"మీవాడికి జనవరి ఒకటికి పంతొమ్మిదండి. గోడ మీద ఉంది."

"ఆఁ, వాడిది పోయినేడే రాయించాం."

"అమ్మాయిగారికీ పంతొమ్మిదే అంటున్నారు." దువ్వెన అక్కడే ఉంచారు. "కవలలాండి?"

కొడుకు వయసు రాయిస్తే కూతురి వయసు కూడా దాంతో కట్టుబడిపోతుందని అమ్మకి తట్టలేదు. మా వీధిలో ఇంకో మూడిళ్ళల్లో కూడా ఇదే పొరపాటు జరిగిందని తరవాత తెలిసింది.

"కవలలేంటండి. వాడే పెద్ద" అంది అమ్మ.

"ఇందాక సైకిలు దింపుతూ అక్కా అని పిలిచాడండి."

"అదా, ముద్దుకి."

"అలాగేనండి చెల్లెమ్మగారు" అన్నారు ఆయన, కట్టకి మళ్ళీ పురికొస చుట్టుకుంటూ.

నేను మజ్జిగ తెచ్చి ఇచ్చాను. అమ్మ పళ్ళెం కోసం లోపలికి వెళ్ళింది. ఆయన గ్లాసు అందుకుని, నా వైపు చూడకుండా అడిగారు.

"పేరు రాయించుకోవాలని ఉందామ్మా?"

తల ఊపాను. అది ఆయన ఓరకంట చూశారో లేదో అప్పుడు తెలియలేదు.

ఆయన వెళ్ళాక అమ్మ, "సంబంధం చెప్పడానికొచ్చాడా, జనాభా లెక్కలకొచ్చాడా" అని గ్లాసు రెండుసార్లు తోమింది.

అయినా సంబంధం తెచ్చారు. అత్తిలి వైపువాళ్ళు, చేపల చెరువులున్నాయి. అబ్బాయి మర్యాదస్తుడే. పెళ్ళిచూపుల్లో నన్నేమీ అడగలేదు. వాళ్ళమ్మగారు మాత్రం గూట్లో పుస్తకాలు చూసి, "ఇవన్నీ ఎవరు చదువుతారమ్మా, నువ్వేనా? కళ్ళు పోతాయి" అన్నారు. వయసు గురించి మధ్యవర్తిగారిని అడిగారట. గోడ మీద లేదండి, వాళ్ళమ్మగారు పంతొమ్మిది అంటున్నారు అని చెప్పారట. వాళ్ళు ఊరుకున్నారు. పుష్యమాసం వెళ్ళాక ముహూర్తం మాట్లాడుకుందాం అన్నారు. అమ్మ చాలారోజుల తరవాత పాట పాడుకుంటూ పిండి జల్లించింది.

ఆ వారంలోనే ఆయన అబ్బాయి జాతకం ఇవ్వడానికి వచ్చారు. అమ్మ పెరట్లో ఉంది. నేనే గుమ్మంలోకి వెళ్ళాను. మడతపెట్టిన కాగితాలు చేతికిచ్చి, "జాతకం అమ్మగారికి ఇవ్వండి. లోపలిది మీకు" అన్నారు.

మడత విప్పితే ఖాళీగా ఉన్న ఆరో నంబరు ఫారం.

"ఆదివారం ఆఖరు. పొద్దున్న పది నుంచి బళ్ళో పంతులుగారు కూర్చుంటారు. మీరే వెళ్ళాలి, వయసుకి కాగితం పట్టుకెళ్ళాలి. ఇది దాటితే మళ్ళీ ఏడాది."

నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది. "పెళ్ళివారు చూస్తారాండి?"

"వాళ్ళు చూడరు. నన్నడుగుతారు."

"అడిగితే?"

"గోడ మీద ఉన్నది చెప్తాను. నాకు ఇంకో మాట రాదమ్మా." గొడుగు తీసుకున్నారు. "రాయించుకోకపోతే ఈ సంబంధం ఉంటుంది. రాయించుకుంటే ఉంటుందో లేదో చెప్పలేను. రెండూ చెప్పడం వరకే నా పని."

ఆయన ఆ ఫారం ఎందుకిచ్చారో నేను చాలాసార్లు ఆలోచించాను. నా మీద జాలి అనుకోవడానికి ఆధారం లేదు. జాబితాలో ఉండవలసిన పేరు లేకపోతే ఆయనకి పన్ను ఊడిన చోట నాలుక తగిలినట్టు ఉండేదేమో. కుదిరిన సంబంధం చెడితే నష్టపోయేవాళ్ళలో ఆయన కూడా ఒకరు. అది ఆయనకి తెలియక కాదు.

ఆదివారం గ్రంథాలయం పుస్తకం ఇచ్చొస్తానని చెప్పి బయల్దేరాను. పుస్తకంలో ఫారం, ఫారంలో సర్టిఫికెట్టు. బడి వరండాలో బల్ల వేసుకుని పక్క ఊరి పంతులుగారు కూర్చున్నారు. పక్కన బెంచీ మీద మధ్యవర్తిగారు దువ్వెన పట్టుకుని ముసాయిదా చదువుతున్నారు. నన్ను చూసి ఎవరో కొత్తమనిషిని చూసినట్టు మళ్ళీ కాగితంలోకి తల దించుకున్నారు.

నా ముందు ఒకాయన ఉన్నాడు. చేపల చెరువుకి కాపలావాడు, గట్టు మీద తాటాకు పాకలో ఉంటాడు.

"ఇంటి నంబరు?" అన్నారు పంతులుగారు.

"నంబరు లేదండి. పాకండి."

"నంబరు లేకుండా ఎలా రాస్తానయ్యా?"

దువ్వెన ఆగింది. "నిద్ర ఎక్కడ పోతావు?" అని అడిగారు మధ్యవర్తిగారు.

"ఆయ్, గట్టు మీదేనండి."

"ఎన్నాళ్ళబట్టి?"

"మూడేళ్ళండి."

"అయితే అదే ఇల్లండి పంతులుగారు. ఓటు మనిషికి గాని కప్పుకి కాదు కదండి. దగ్గరింటి నంబరు వేసి, పక్కన చెరువుగట్టు అని రాయండి. కావాలంటే ఓసారి వెళ్ళి చూసి రండి, చేపల కూర కూడా పెడతాడు."

"పెడతానండి" అన్నాడు కాపలావాడు. పంతులుగారు నవ్వుతూ రాశారు.

నా వంతు వచ్చింది. ఫారం ఇంట్లోనే నింపుకుని వచ్చాను. పంతులుగారు సర్టిఫికెట్టు చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "జనవరి ఒకటికి ఇరవై రెండు. ఇరవై ఒకటని రాశావేంటమ్మా?" అన్నారు.

"ఇరవై ఒకటేనండి. బళ్ళో వేసినప్పుడు ఒక ఏడాది ఎక్కువ చెప్పారండి."

కొత్తమనిషితో ఒక్కసారిగా అంత పొడుగు మాట నేను మాట్లాడడం అదే మొదలు. పంతులుగారు బెంచీ వైపు చూశారు. ఈ బల్ల దగ్గర మధ్యవర్తిగారి మాటే చెల్లుతుందని ఆయనకీ తెలుసు కాబోలు.

"అమ్మాయిగారు చెప్పింది అబద్ధం కాకపోవచ్చండి" అన్నారు మధ్యవర్తిగారు, దువ్వెన మీంచి కళ్ళు తీయకుండా. "కానీ కాగితం ఉన్నచోట కాగితమే."

పంతులుగారు ఇరవై ఒకటి కొట్టేసి ఇరవై రెండు వేశారు. కింద సంతకం పెట్టాను. దాచకుండా రాసుకుందామని వెళ్తే అక్కడ కూడా అసలు వయసు పడలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు. ఇంటికి వచ్చేటప్పుడు పుస్తకం ఇవ్వడం మర్చిపోయాను. అమ్మ గమనించలేదు.

కొత్తగా చేరినవాళ్ళ జాబితా నెలా పదిహేను రోజులకి అంటించారు. మా ఊరికి మొత్తం ఏడు పేర్లు. అరకాగితం. అంత చిన్న కాగితంలో నా పేరు ఎవరి కంటా పడకుండా ఉండదు. ఎదురింటి పిన్నిగారు బిందె చంకన పెట్టుకునే లోపలికి వచ్చారు.

"ఏంటి వదినా, మీ అమ్మాయికి ఇరవై రెండట. గోడ మీద పడింది."

అమ్మ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టడం మానలేదు, పెట్టేటప్పుడు నా వైపు చూడడం మానేసింది. నాన్న బడి దాకా నడిచి వెళ్ళి చూసొచ్చారు. కాళ్ళు కడుక్కుని, "ఇంటిపేరు సరిగ్గానే పడింది" అన్నారు. ఆ విషయం మీద ఆయన అన్నది అంతే.

ఐదో రోజు మధ్యవర్తిగారు వచ్చారు. చెడిన సంబంధం సంగతి కూడా తనే వచ్చి చెప్పడం ఆయన పద్ధతి. ఈసారి కూర్చోలేదు, అమ్మ కుర్చీ వేయలేదు.

"అత్తిలివాళ్ళు వద్దన్నారండి. వయసు గురించి కాదు, దాచారని."

"మీరే చెప్పారా అన్నయ్యగారు?"

"అడిగారండి. గోడ మీద ఇరవై రెండు ఉందన్నాను."

"ఊరుకుంటే మీదేం పోయేది?"

"నేనూరుకుంటే గోడ ఊరుకోదండి."

"గోడ, గోడ. ఆ గోడ మీద పడింది కూడా తప్పే. దానికి ఇరవై రెండెక్కడివి? ఇరవై ఒకటి. కన్నదాన్ని, నాకు తెలీదా?"

ఎదురింటి పిన్నిగారు వాకిలి ఊడవడం ఆపారు. రెండేళ్ళు పంతొమ్మిది అన్న నోటితోనే అమ్మ వీధిలోకి వినిపించేలా ఇరవై ఒకటి అంది. అన్నాక ఆవిడకే తెలిసింది. తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది.

మధ్యవర్తిగారు నవ్వలేదు. సంచీ తెరిచి ఒక కాగితం తీశారు.

"అయితే ఎనిమిదో నంబరు ఫారం ఉందండి చెల్లెమ్మగారు, సవరణకి. ఆ మాటే ఇందులో రాసి ఇవ్వండి."

అమ్మ తీసుకోలేదు. లోపలికి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా మా నాన్న చెప్పు దాని మీద పెట్టి వెళ్ళారు. ఆ ఫారం ఎవరూ నింపలేదు. కానీ ఆ తరవాత సంబంధాలవాళ్ళు ఎవరొచ్చినా అమ్మ ఇరవై ఒకటి అనే చెప్పింది. మరుసటి ఏడు ఇరవై రెండు అంది.

అదే ఏడు ఎన్నికలు వచ్చాయి. బళ్ళో ఒకాయన నా వరస నంబరు, పేరు పైకి చదివితే అవతల బల్ల దగ్గర ఏజెంట్లు తమ కాగితాల్లో గీత కొట్టుకున్నారు. ఎవరూ నా మొహం చూడలేదు. నాకది నచ్చింది.

మధ్యవర్తిగారు ఆ తరవాత మా ఇంటికి మూడు సంబంధాలు తెచ్చారు. కుదరలేదు. ఆ సంగతులు వేరే నోటుబుక్కులో ఉన్నాయి. నాకు గ్రంథాలయం పని వచ్చింది, అదీ ఆయన ఊళ్ళోనే. మా ఊరికి రెండు మైళ్ళు, ఒకటే నియోజకవర్గం. అప్పటికి ఆయన తిరగడం తగ్గించారు. మధ్యాహ్నం ఎండ తగ్గాక వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పేపరు చదివేవారు, దువ్వెన ఆనించి. నాతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. కొత్త సంవత్సరం వచ్చిన మర్నాడు మాత్రం లోపలికి వస్తూనే అడిగేవారు.

"జనవరి ఒకటికి ఎంతమ్మా?"

నేను చెప్పేదాన్ని. అసలుది.

ఒకసారి ఎదురు అడిగాను. "మీకండి?"

"గోడ మీద అరవై తొమ్మిది."

"అసలు?"

ఆయన దువ్వెన పక్కన పెట్టారు. "నాకు అసలు లేదమ్మా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, చెప్పినవాళ్ళు లేరు. మొదటిసారి పేరు రాసుకోవడానికి వచ్చిన పంతులుగారు నా మీసం చూసి ముప్ఫై వేశారు. అప్పట్నించి దానికే ఏడాదికొకటి కలుపుకుంటున్నాను." మళ్ళీ దువ్వెన తీసుకున్నారు. "ఎక్కడో ఒకచోట రాసి ఉంటే మనిషికి కాస్త నిలకడ."

ఆయన పోయిన నెలకి వాళ్ళ కోడలు రెక్సిను సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "మావయ్యగారి పుస్తకాలండి. చింపబుద్ధి కాలేదు. మీకు పనికొస్తాయేమో" అంది. జాబితా కట్టలు, దువ్వెన, ఖాళీ ఫారాలు. గ్రంథాలయం రిజిస్టరులో ఎక్కించడానికి వీల్లేని సరుకు. బీరువా అడుగున పెట్టేముందు మా ఊరి కట్ట విప్పి చూశాను. నా పేరు పక్కన చుక్క ఉంది, పెళ్ళికాని పిల్లలందరికీ ఉన్నట్టే. అచ్చులో ఉన్న ఇరవై రెండు పక్కన పెన్సిలుతో చిన్నగా ఇరవై ఒకటి అని వేసి ఉంది. కట్టలన్నీ తిరగేశాను. అచ్చు పక్కన ఇంకో అంకె వేసి ఉన్న పేరు నాకు మళ్ళీ దొరకలేదు.

మొన్న గోడ మీద పేరు చూసిన సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయి అరుగు మీదే ఉన్నాడు. చెప్పాను.

"ఉంటే ఉండనివ్వండి మేడమ్. గోడ మీద నాన్న పేరుంటే మాకేమైనా బరువా?"

"ఆయనే అయితే పన్నెండో రోజునే తీయించేవారండి."

"నిజమే. ఆ రోజు అందరం అదే అనుకున్నాం. నాకు చెయ్యి రాలేదు." తరవాత, "మీరు ఇస్తానంటే ఇవ్వండి" అన్నాడు.

ఏడో నంబరు ఫారం ఆ సంచీలోనే ఉంది. అది ఎవరు పడితే వాళ్ళు ఇవ్వడానికి లేదు. అదే నియోజకవర్గం జాబితాలో పేరున్నవాళ్ళే ఇవ్వాలి. పైన తీసేయవలసిన మనిషి పేరు, భాగం నంబరు, వరస నంబరు. కారణం దగ్గర ‘మరణించినందున’ అని రాశాను. కింద ఇచ్చేవారి పేరు, వాళ్ళ భాగం నంబరు, వరస నంబరు.

ఆయన నంబరు కోసం వరండాలోకి వెళ్ళి, ఆ వరస కింద దువ్వెన ఆనించి, రెండుసార్లు చూసుకుని రాశాను. నా నంబరు కోసం ఎక్కడా చూసుకోనక్కర్లేకపోయింది.